తొమ్మిది గిటారు నెక్కులు చేశాక శాండింగ్ డ్రమ్ము గురించి

పాలకొల్లులో మా ఇంటి వెనక వసారాలో ఎలక్ట్రిక్ గిటారు నెక్కులు, అంటే తీగలు సాగే పొడవాటి మెడ భాగాలు, చేస్తుంటాను. అమ్మకానికి కాదు, సరదాకే. హెడ్‌స్టాక్ (నెక్కు చివర తీగలు చుట్టే తల) వంపులు తీర్చడానికని నాలుగేళ్ల కిందట డ్రిల్లు స్టాండుకి బిగించే శాండింగ్ డ్రమ్ములు మూడు సైజుల్లో తెప్పించాను. మధ్యలో రబ్బరు, దాని మీద గరుకు కాగితం తొడుగు. బోల్టు బిగిస్తే రబ్బరు ఉబ్బి తొడుగుని పట్టేస్తుంది. ఇప్పటికి ఆరు టేకు నెక్కులు, మూడు మేపుల్ నెక్కులు వీటి మీదే అయ్యాయి.

ఎందుకు కొన్నానంటే, మొదటి నెక్కుకి టెంప్లేటు (నమూనా పలక) అంటించి రూటరు, అంటే గిర్రున తిరిగే బిట్టుతో అంచు కోసే మెషిను, తిప్పాను. పక్కలు నున్నగా వచ్చాయి. కొసన గుండ్రం తిరిగేసరికి టప్పుమని శబ్దం, హెడ్‌స్టాక్ ముక్కు ఎగిరి గోడకి తగిలింది. అక్కడ పీచు అడ్డంగా వస్తుంది కదా, బిట్టు కోయడానికి బదులు చీల్చేసింది. మా వీధిలో గుమ్మాలు చేసే మేస్త్రిగారు ఆ ముక్క చేతిలోకి తీసుకుని, "పీచుకి ఎదురెళ్తే లేచిపోద్దని తెలీదా అబ్బాయ్? వీణకి యాళి తల చెక్కేవాళ్లు ఇలాగే తొందరపడతారా?" అన్నారు.

డ్రమ్ముతో ఆ భయం లేదు. జిగ్‌సాతో (వంపులు కోసే కరెంటు రంపం) గీతకి రెండు మిల్లీమీటర్లు బయటగా కోసి, మిగిలింది నెమ్మదిగా అరగదీస్తాను.

దీని అసలు పనితనం మాత్రం నట్ (నెక్కు, తల కలిసేచోట తీగలు ఆనే సన్నని పట్టీ) వెనక వంపులో చూడాలి. ఫెండర్ కంపెనీ గిటారు తరహా హెడ్‌స్టాక్, గిబ్సన్ కంపెనీ గిటార్లలోలా వెనక్కి వాలదు. సుమారు 25 మిల్లీమీటర్ల పలకలోనే పై ముఖాన్ని పదో పదకొండో దించి, 14, 15 మిల్లీమీటర్లు మిగుల్చుకుంటాం. ఫ్రెట్‌బోర్డు (వేళ్లతో తీగలు నొక్కే ముఖం) నుంచి ఆ ముఖానికి దిగేచోట వంపు చేత్తో తీస్తే ఒక పక్క లోతు, ఒక పక్క మిట్ట అవుతుంది. పలకని పక్కకి నిలబెట్టి, వెనక ఓ చెక్క ఆనించి, 50 మిల్లీమీటర్ల డ్రమ్ము ముందు నుంచి పోనిస్తే వంపు, ముఖం రెండూ ఒకేసారి వచ్చేస్తాయి. ఈ పని పలక ఇంకా చదరంగా ఉన్నప్పుడే చేయాలి. మూడో నెక్కుకి ముందే ఆకారం కోసేశాను. నిలబెడదామంటే ఆనడానికి సాపు అంచే లేదు. కోసేసిన ముక్కల్నే టేపుతో మళ్లీ అంటించి ఎలాగో గట్టెక్కాను.

ఇక తిట్లు. నిలువుగా కన్నం వేసే డ్రిల్లుని పక్కకి నెట్టి పని చేయిస్తున్నాం, అది ఊరుకోదు. రెండో ఏడే బేరింగు పోయింది. చెక్కని గట్టిగా ఒత్తితే స్టాండు కూడా కాస్త వంగుతుంది, హెడ్‌స్టాక్ పక్క వాలుగా తయారవుతుంది. అందుకే నాలుగైదుసార్లు ఆపి మూలమట్టం పెట్టి చూసుకుంటాను. ట్యూనర్లు (తీగలు బిగించే మరలు) ఆరూ వరసగా వచ్చే ఆ పొడవాటి తిన్నని అంచుకి డ్రమ్ము అస్సలు పనికిరాదు. అలలు అలలుగా వస్తుంది, లైటు కింద పెడితే తెలిసిపోతుంది. దానికి ప్లైవుడ్ ముక్కకి 80 నంబరు కాగితం అంటించి చేత్తో రుద్దడమే మేలు.

మేపుల్‌కి 120 నంబరు తొడుగు వేసి వేగం పెంచితే గోధుమరంగు మచ్చలు పడతాయి, మళ్లీ అవి పోగొట్టేసరికి చేతులు పడిపోతాయి. టేకులో నూనె ఉంటుంది కాబట్టి తొడుగు పూడుకుపోతుంది. తిరుగుతున్న డ్రమ్ముకి పాత రబ్బరు చెప్పు ఆనిస్తే చాలావరకు వదులుతుంది. వానాకాలంలో మన గాలికి కాగితం తొడుగుల అతుకులు ఊడుతున్నాయి. కాగితం బదులు వెనక గుడ్డ ఉన్న తొడుగులు నయం, అవి కూడా బిస్కెట్ డబ్బాలో మూత బిగించి పెడతాను. మాస్కు లేకుండా టేకు మాత్రం పట్టకండి, ఆ పొడికి వారం రోజులు దగ్గాను. ఎండబెట్టిన వడియాల మీద కూడా అదే పడింది, అమ్మ ఇప్పటికీ అంటూనే ఉంటుంది.

మళ్లీ కొంటే సెట్టు కొనను. 50 మిల్లీమీటర్లది ఒకటి, నట్ కింద ఇరుకు మలుపుకి చిన్నది ఒకటి, 80 నంబరు తొడుగులు పది చాలు. పెద్ద డ్రమ్ము బరువుకి స్టాండంతా ఊగింది. రెండుసార్లు వాడి అటక మీద పడేశాను.