బ్రేకు లేని 57 అడుగుల బండి

ఆర్టీసీలో 31 ఏళ్లు డ్రైవరుగా చేశాను. ఎక్కువ కాలం హనుమకొండ–ఏటూరునాగారం రూటే. పస్రా దాటాక తాడ్వాయి అడవిలో అర్ధరాత్రి తోలాను, మేడారం జాతరలో జనం మధ్య తోలాను. అందుకే బర్మింగ్‌హామ్‌లో మా అబ్బాయి "బాపూ, మూడు రోజులు పడవ కిరాయికి తీసుకుందాం, మనమే నడుపుకోవాలె" అంటే నవ్వొచ్చింది. గంటకు నాలుగు మైళ్లు, అంటే ఆరున్నర కిలోమీటర్లు దాటకూడదట. అదీ ఒక డ్రైవింగేనా అనుకున్నాను.

మా కాలనీ నుంచి పిల్లల దగ్గరికి ఇంగ్లండ్ పోయేవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు. ఫొటోలు చూసి అందరూ అడుగుతున్నారు కాబట్టి ఇది రాస్తున్నాను. కంపెనీ పేరు మాత్రం రాయను. వాళ్లతో నాకొక పేచీ ఉంది, అది తర్వాత చెప్తాను.

ఈ పడవను నారోబోటు అంటారు. మేం తీసుకున్నది 57 అడుగుల పొడవు, వెడల్పు మాత్రం 6 అడుగుల 10 అంగుళాలు. మన పల్లెవెలుగు బస్సే దీనికంటే వెడల్పు. అక్కడి పాత కాలువల మీద లాకులు, అంటే నీళ్లు నింపి, వదిలి పడవను పైకీ కిందికీ చేర్చే తలుపుల తొట్లు, ఏడడుగుల వెడల్పుకే కట్టారు, వాటిలో పట్టాలి కాబట్టి పడవలూ అంతే. మేం తిరిగింది వూస్టర్–బర్మింగ్‌హామ్ కాలువ. 1815లో పూర్తయింది, 30 మైళ్లు, 58 లాకులు. అప్పట్లో గుర్రాలు గట్టు మీద నడుస్తూ తాడుతో పడవల్ని లాగేవి. ఆ గట్టు దారిలో ఇప్పుడు కుక్కల్ని తిప్పుతున్నారు.

మన కాకతీయ కాలువను హసన్‌పర్తి దగ్గర చూసినవాళ్లకు కాలువ అంటే భయముంటుంది, అంత ఉరవడి. ఇక్కడ నీళ్లు కదులుతున్నాయో లేదో కూడా తెలియదు. అయినా లైఫ్ జాకెట్లు ఇచ్చారు. మా ఆవిడ మూడు రోజులూ విప్పలేదు, పడుకునేటప్పుడు తప్ప.

లోపల మంచాలు, గ్యాస్ పొయ్యి, ఫ్రిజ్, వేడినీళ్ల స్నానం, హీటరు అన్నీ ఉన్నాయి. శుభ్రంగా ఉన్నాయి. వంటగదికి వంక పెట్టలేదంటే మా ఆవిడ దృష్టిలో అది ఫైవ్ స్టారే. సకినాల డబ్బాకు కూడా చోటు దొరికింది.

ఇక పేచీ. గంటసేపు నేర్పిస్తామని బుకింగ్‌లో రాసుంది. శుక్రవారం సాయంత్రం నాలుగు పడవలు ఒకేసారి బయల్దేరుతుంటే మాకొచ్చింది ఇరవై నిమిషాలు. నేర్పేటాయన మంచివాడే, కానీ మాట్లాడుతూనే పక్క పడవ వైపు నడుస్తున్నాడు. లైసెన్సు అడగలేదు, కళ్లు చూడలేదు. ఏటా మెడికల్‌కు నిలబడినవాడిని, నాకది వింతగా అనిపించింది.

పడవ నడిపేది ఇత్తడి కర్రతో. దాన్ని టిల్లర్ అంటారు. మన దగ్గర టిల్లరంటే దున్నేది. ఇది నీళ్లలో ఉన్న చుక్కానిని తిప్పే కర్ర. క్లచ్చు లేదు, గేర్లు లేవు. ఒకే లివరు: ముందుకు తోస్తే ముందుకు, నిటారుగా ఉంటే న్యూట్రల్, వెనక్కి లాగితే రివర్సు. జీవితమంతా అద్దం వెనక కూర్చుని తోలినవాడిని తీసుకెళ్లి తోక మీద నిలబెట్టారు. నా ముందు యాభై అడుగుల ఇనుము.

పడవ కుడికి పోవాలంటే కర్రను ఎడమకు తోయాలి. చెప్పినప్పుడు తలూపాను. మొదటి వంపులోనే ఎదురుగా ఇంకో పడవ వచ్చింది. పైగా నీళ్ల మీద కుడి పక్క పోవాలట. ఇంగ్లండ్ రోడ్ల మీద మనలాగే ఎడమ, కాలువలో మాత్రం కుడి. నా చేతులు 31 ఏళ్ల అలవాటు ప్రకారం కుడికి పోవాలని కర్రను కుడికే లాగాయి. ముందు ఏమీ జరగలేదు. అందుకని ఇంకాస్త లాగాను. మూడు నాలుగు సెకన్ల తర్వాత రెండు లాగుళ్లకూ కలిపి పడవ మూతి ఎడమకు తిరిగి, వాళ్ల ముందు నుంచే పోయి అవతలి గట్టు పొదల్లో దూరింది. లోపల గిన్నెలు దొర్లాయి. "ఏందయ్యా, బస్టాండు వచ్చిందా?" అని మా ఆవిడ కేక. ఎదురు పడవ ముసలాయన నవ్వుతూ చెయ్యి ఊపాడు. అక్కడ తిట్టరు, అది బాగుంది.

గట్టు పక్కన లోతు ఉండదు. ఇరుక్కుంటే పొడుగు కర్రతో నేలను పొడిచి తోసుకోవాలి. అబ్బాయి తోశాడు, కోడలు ఫొటో తీసింది.

దారిలో పడ్డాక నాకు తెలిసిందేమిటంటే, బస్సు మలుపులో వెనక టైరు లోపలికి కోసుకుంటుంది, పడవ తోక బయటికి విసురుతుంది. నడుం దగ్గర మేకు కొట్టి తిప్పినట్టు తిరుగుతుంది. కర్రను కొంచెం తోసి, ఆగి, మూతి కదలడం చూసి, మళ్లీ మధ్యకు తేవాలి. ఆ ఆగడమే నావల్ల కాలేదు. కోడలు స్కూటీ తప్ప ఏదీ నడపలేదు, అరగంటలో పట్టేసింది. "మామయ్యా, మీరు తొందరపడుతున్నారు" అంది. నిజమే. పాత అలవాటు లేనివాళ్లకే ఇది తొందరగా వస్తుంది.

ఆపడం ఇంకో కథ. బ్రేకు లేదు, రివర్సు వేసి ఆపాలి. రివర్సులో చుక్కాని పనిచేయదు, తోక దానిష్టం వచ్చిన పక్కకు పోతుంది. ఈ ముక్క ఆ ఇరవై నిమిషాల్లో ఎవరూ చెప్పలేదు. మూడు రోజులూ నా కుడికాలు కింద రేకును తొక్కుతూనే ఉంది. రాత్రి పిక్క పట్టేసింది. కట్టేయడం మాత్రం మన పనే: గట్టున ఇనుప మేకులు దిగ్గొట్టి, బర్రెను గుంజకు కట్టినట్టు రెండు తాళ్లు కట్టడమే.

కొత్తవాళ్లు బర్మింగ్‌హామ్ వైపే పోవాలి. వూస్టర్ వైపు పోతే టార్డెబిగ్ అనే ఊరి దగ్గర వరుసగా 30 లాకులు. బర్మింగ్‌హామ్ వైపు నగరం దాకా లాకు తిప్పే పనే లేదు. బదులుగా వాస్ట్ హిల్స్ సొరంగం, 2,726 గజాలు, రెండున్నర కిలోమీటర్లు. నడిచే దారి లేదు, పై నుంచి మెడ మీద చల్లటి చుక్కలు. ఎదురు పడవ లైటు దూరమో దగ్గరో తెలియదు. ఇద్దరికీ చోటుంది, గోడకు రాసుకుంటూ తప్పుకోవాలంతే. మా ఆవిడ లోపల భద్రకాళమ్మను తలుచుకుంటూనే ఉంది. బయటపడ్డాక కొంత దూరంలో బోర్న్‌విల్ క్యాడ్‌బరీ ఫ్యాక్టరీ.

అది దాటాక పడవ వణికింది. ఇంజిన్ గుర్రుమంటుంది, బండి కదలదు. కంపెనీకి ఫోన్ చేస్తే వెంటనే ఎత్తారు, ఓపిగ్గా చెప్పారు, ఆ మార్కులు వాళ్లకే. ఇంజిన్ ఆపి, తాళం తీసి జేబులో వేసుకుని, వెనక మూత విప్పి చెయ్యి పెట్టమన్నారు. మోచేతి పైదాకా చన్నీళ్లు. నీళ్లలో తిరిగి పడవను నెట్టే ఫ్యానుకు గుడ్డ చుట్టుకుని ఉంది. కత్తిపీట లేదు, కూరగాయల చాకుతో కోస్తూ అరగంట లాగాను. ఆకుపచ్చ పీలిక, దాని వెనక జరీ అంచు. మా ఆవిడ చేతిలోకి తీసుకుని నలిపి చూసింది. "సింథటిక్ చీరె. మనోళ్లదే ఎవరిదో." మూత మళ్లీ గట్టిగా బిగించకపోతే నీళ్లెక్కి పడవ మునుగుతుందట. ఈ మూత సంగతి ముందే చూపించాల్సింది.

ఖర్చు ముగ్గురు నలుగురు పంచుకుంటేనే గిట్టుతుంది. ముందు ఒక రోజు కిరాయి పడవ తీసుకుని చూడండి. నేర్పేటాయన వెళ్లబోతే చెయ్యి పట్టుకుని ఆపి, రివర్సు ఒకసారి, వెనక మూత ఒకసారి చేయించుకోండి. ఐదు మార్కులకు పడవకు నాలుగున్నర, ఫోన్‌కు ఐదు, నేర్పడానికి రెండు.

సోమవారం పొద్దున అప్పగించేటప్పుడు మూతి మీది గీతలు నేనే చూపించాను. కంపెనీ ఆయన వంగి చూసి, అవి పాతవేనన్నాడు. పాతవి కావు. డిపాజిట్ మాత్రం మూడో రోజుకు పూర్తిగా వచ్చింది.