తల్లిదండ్రులతో మాట్లాడటానికి వాట్సాప్ గ్రూపా, బళ్ళో మీటింగా, వాడలో కూర్చోవడమా: ఏది మేలు?

ఈ మధ్య కొత్తగా హెచ్‌ఎం (ప్రధానోపాధ్యాయుల) బాధ్యత మీద పడిన టీచర్లు నలుగురైదుగురు నన్ను అడిగింది ఒకటే. “మేడమ్, పేరెంట్స్‌కి విషయాలు చెప్పడానికి వాట్సాప్ గ్రూపు చాలదా? మీటింగ్ పెడితే పదిమంది కూడా రావడం లేదు. మీరేం చేస్తున్నారు?” ఫోన్లో ఒక్కొక్కరికి ముక్కలు ముక్కలుగా చెప్పే బదులు ఒకచోట రాసేస్తే నయమనిపించింది.

మాది పల్నాడు వైపు, ఇద్దరు టీచర్లున్న ప్రాథమిక పాఠశాల. పిల్లలు 52 మంది, వాళ్ళ ఇళ్ళు 41. ఎక్కువమంది తల్లులు మిరప చేలకి, పత్తి చేలకి కూలికి పోతారు. పొద్దున ఆరున్నరకల్లా ఆటో ఎక్కితే మళ్ళీ దిగేది చీకటి పడే వేళకే. నేను చెప్పేదంతా ఇలాంటి ఊరి సంగతి. టౌన్లో ఉద్యోగస్తుల పిల్లలుండే బడికి లెక్క వేరుగా ఉండొచ్చు.

ముందు వాట్సాప్ సంగతి. కబురు చెప్పడానికి దాన్ని మించింది లేదు, ఇందులో నాకు రెండో మాట లేదు. వాన పడుతోందని కలెక్టరుగారు పొద్దున ఏడింటికి సెలవిస్తే, ఏడుంపావుకి ఊళ్ళో తెలిసిపోతుంది. ఫిబ్రవరి 10న నులిపురుగుల మాత్రలు వేస్తున్నాం, పిల్లల్ని ఖాళీ కడుపుతో పంపకండి అని ముందు రోజు రాత్రి చెప్పొచ్చు. ఒకటే జాగ్రత్త: టైపు చేసి పెట్టకండి. చదువు రాని తల్లి ఆ మెసేజ్‌ని కొడుకు చేత చదివించుకోవాలి, వాడు తనకి పనికొచ్చేదే చదువుతాడు. నిమిషం లోపు వాయిస్ మెసేజ్ పెడితే వంట చేసుకుంటూ వింటారు, పక్కింటామెకీ వినిపిస్తారు. గ్రూపులో గుడ్ మార్నింగ్ బొమ్మలు, పార్టీల వీడియోలు మొదలయ్యాయంటే అసలు కబురు వాటి కింద పడిపోతుంది. అందుకని మెసేజ్ పెట్టే వీలు టీచర్లకే ఉంచి, ఏదైనా చెప్పాలనుకున్నవాళ్ళు మా నంబరుకి విడిగా పంపమన్నాం.

ఇంకో లెక్క కూడా చూసుకోండి. మా గ్రూపులో 31 నంబర్లుంటే వాటిలో 25 తండ్రులవి. పిల్లవాడి అన్నం, జ్వరం, పుస్తకాల సంచి తెలిసిన మనిషి తల్లి. ఫోనేమో తాపీ పనికో ఆటో తోలడానికో పోయిన తండ్రి జేబులో ఉంటుంది.

వాట్సాప్ ఎక్కడ చాలదో నాకు తెలిసింది రెండేళ్ళ కిందట, గేటు విషయంలో. మధ్యాహ్నం అన్నం బెల్లు కొట్టగానే కొందరు పిల్లలు ఇళ్ళకి పరిగెత్తేవాళ్ళు. ఒకరోజు రెండో తరగతి పిల్లవాడొకడు రోడ్డు దాటుతూ ట్రాక్టరు ముందు పడబోయాడు. డ్రైవరు గట్టిగా బ్రేకు వేశాడు కాబట్టి సరిపోయింది. ఆ సాయంత్రమే మేమిద్దరం కూర్చుని నిర్ణయం తీసుకున్నాం. పొద్దున బడి మొదలైనప్పటి నుంచి సాయంత్రం బెల్లు దాకా గేటుకి తాళం, అందరూ బళ్ళోనే తినాలి. గ్రూపులో మెసేజ్ పెట్టాను. రాత్రికల్లా 26 మంది చూశారు. తొమ్మిది నమస్కారాలు, బొటనవేళ్ళు వచ్చాయి. ఒక్కరూ కాదనలేదు. అందరికీ సమ్మతమే అనుకున్నాను.

మూడో తరగతి అమ్మాయి ఒకతె ఆ వారం బడికి రాలేదు. జ్వరమేమో అనుకున్నాను. నాలుగో రోజు పిల్లల్ని అడిగితే, “వాళ్ళ తాత కోసం ఇంటికాడే ఉంటంది టీచర్” అన్నారు. ఇంటికి వెళ్ళాను. పక్షవాతం వచ్చిన పెద్దాయన నులక మంచం మీద ఉన్నాడు. మంచం పక్కన స్టీలు గిన్నెలో మజ్జిగన్నం, దాని మీద మూత, మూత మీద చిన్న రాయి. అమ్మానాన్నలిద్దరూ మిరప కోతకి పోతే, మధ్యాహ్నం వచ్చి ఆ అన్నం కలిపి తాత నోట్లో పెట్టేది ఎనిమిదేళ్ళ ఆ పిల్లే. గేటుకి తాళం పడ్డాక ఆ పిల్లకి బడి అయినా మానాలి, తాత అయినా పస్తుండాలి.

నన్ను ఎక్కువ బాధపెట్టిన సంగతి తర్వాత తెలిసింది. నా మెసేజ్‌కి నమస్కారం పెట్టిన తొమ్మిది మందిలో ఆ పిల్ల తండ్రీ ఉన్నాడు. “మరి అప్పుడే చెప్పొచ్చు కదయ్యా” అంటే, “మీరు రాసేశారు కదా మేడమ్, ఇంక మేమేమంటాం?” అన్నాడు.

నా మటుకు ఈ పోలిక మొత్తాన్నీ తేల్చేది ఆ మాటే. ఎంతమందికి చేరింది, ఎంత తొందరగా చేరింది అన్నది రెండో సంగతి. మనం నిర్ణయం తీసుకోకముందు వాళ్ళ దగ్గరికి వెళ్ళామా, కాదనడానికి వాళ్ళకి చోటు ఉందా అన్నది మొదట చూడాలి. వాట్సాప్‌లో వచ్చే ప్రతి మాటా అప్పటికే ఖాయమైపోయిన మాటలాగే కనిపిస్తుంది. చివర్లో “మీ అభిప్రాయం చెప్పండి” అని రాసినా అంతే. సర్కారు బడి పంతులమ్మ రాసిన మాటని నలుగురూ చూసే చోట కాదనడం కూలి చేసుకునే మనిషికి తేలిక కాదు.

ఇక బళ్ళో మీటింగ్. ఇది ఐచ్ఛికం కాదు, చట్టం పెట్టమన్నది. 2009 విద్యా హక్కు చట్టం ప్రకారం స్కూలు మేనేజ్‌మెంట్ కమిటీలో కనీసం నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, సభ్యుల్లో సగం మంది ఆడవాళ్ళు ఉండాలి. మన దగ్గర తరగతికి ముగ్గురు చొప్పున ఐదు తరగతులకి 15 మందిని ఎన్నుకుంటున్నాం. బడి అభివృద్ధి ప్రణాళిక తయారు చేయాలన్నా, వచ్చిన గ్రాంటు ఎలా ఖర్చయిందో చూడాలన్నా ఆ కమిటీకే హక్కుంది. తీర్మానాల పుస్తకంలో ఒక మాట రాసి సంతకాలు పడ్డాయంటే ఆ కాగితం ఎంఈఓ (మండల విద్యాధికారి) గారి దగ్గర నిలబడుతుంది. వాడలో వంద మంది ఒప్పుకున్న మాటకి ఆ బలం ఉండదు. అందుకని కమిటీ మీటింగ్‌ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు.

కానీ ఆ మీటింగ్ ఎన్నింటికి పెడుతున్నాం? పొద్దున పదింటికో, మధ్యాహ్నం మూడింటికో. కోతల రోజుల్లో అది ఒక రోజు కూలి. వచ్చిన కొద్దిమందిలోనూ మగవాళ్ళు కుర్చీల్లో కూర్చుంటారు, తల్లులు కిటికీ పక్కన గోడకి ఆనుకుని నిలబడతారు. మాట్లాడేది ఇద్దరు ముగ్గురు, వాళ్ళు కూడా ఏదో ఒక పార్టీ తాలూకు. కోరం చాలకపోతే పుస్తకం పిల్లవాడి చేతికిచ్చి ఇంటింటికీ పంపి వేలిముద్రలు తెప్పించడం నేను పనిచేసిన ఒక బళ్ళో చూశాను. దయచేసి ఆ పని చేయకండి. ఏ పేజీ మీద వేలు ఒత్తుతోందో ఆ తల్లికి తెలియదు.

మెగా పేరెంట్ టీచర్ మీటింగుల గురించి కూడా అడుగుతున్నారు. 2024 డిసెంబరు 7న, మళ్ళీ 2025 జూలై 10న రాష్ట్రమంతా ఒకేరోజు జరిగాయి కదా. మా ఊళ్ళో జనం బాగానే వచ్చారు. ముగ్గులు, తాడులాగుడు, పిల్లలతో కలిసి భోజనం. ఎన్నడూ గేటు లోపలికి రాని తల్లులు ఆ రోజు పిల్లవాడి బెంచీ ఎక్కడో చూసుకుని వెళ్ళారు. నాకది చాలా సంతోషం. బడి మనది అనిపించడానికి అలాంటి రోజు కావాలి. కాకపోతే ప్రోగ్రెస్ కార్డు చేతికిచ్చి ఒక్కో పిల్లవాడి గురించి నాలుగు మాటలు చెప్పేసరికే పొద్దు గడిచిపోయింది. గేటు ఎప్పుడు వేయాలి, హోంవర్క్ ఎంత ఇవ్వాలి లాంటి మాటలు అంత సందడిలో తెగేవి కావు.

మూడోది వాడలోకి వెళ్ళి కూర్చోవడం. గేటు సంగతి తర్వాత మొదలుపెట్టాం. సాయంత్రం ఏడింటికి, పొదుపు సంఘం వాళ్ళు ఎక్కడ కూర్చుంటారో అక్కడే. వాళ్ళకి ఆ చోటు అలవాటు, ఆ వేళ అలవాటు, అప్పుల గురించి, వాయిదాల గురించి ధైర్యంగా మాట్లాడే అలవాటూ అక్కడే ఉంది. తెలంగాణలో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలకి గ్రామ మహిళా సమాఖ్య (ఊళ్ళోని పొదుపు సంఘాలన్నీ కలిసిన సంఘం) అధ్యక్షురాలినే చైర్‌పర్సన్‌గా పెట్టారు. ఆ ఆలోచన నాకు నచ్చింది.

మొదటిసారి రామాలయం అరుగు మీద పెట్టి తప్పు చేశాం. కాలనీ వాళ్ళు వచ్చారు గానీ మెట్ల కిందే నిలబడిపోయారు. పైకి రమ్మంటే “ఇక్కడ బాగానే ఉందిలెండి” అన్నారు. ఆ తర్వాత నుంచి రెండు చోట్ల విడివిడిగా కూర్చుంటున్నాం. కాలనీ వాళ్ళతో అయితే అక్కడి అంగన్‌వాడీ ముందు వేపచెట్టు కింద. మీ ఊళ్ళో ఎవరు ఎక్కడ కూర్చోగలరో ముందు తెలుసుకోండి, చోటు తప్పితే మిగతాదంతా తప్పుతుంది.

ఆ వేపచెట్టు కింద గేటు మాట మళ్ళీ ఎత్తాను. ఈసారి నిర్ణయంగా చెప్పలేదు. ట్రాక్టరు సంగతి చెప్పి, ఏం చేద్దామని అడిగాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఒకామె, కుళాయి నీళ్ళు ఎనిమిదిన్నరకి వదులుతారు, బిందెలు నింపుకుని పిల్లని తయారు చేసేసరికి తొమ్మిది దాటుతుంది, ఆలస్యంగా వచ్చినవాళ్ళని బయట నిలబెడతారా అంది. నీళ్ళు ఎన్నింటికి వస్తాయో అప్పటిదాకా నేను ఆలోచించనే లేదు. ఆలస్యమైనా లోపలికి రానిస్తామన్నాం. ఆ పిల్ల తాత మాట వచ్చినప్పుడు ఎదురింటి పెద్దామె, “ఆయనకో ముద్ద నేను పెడతాలెండి మేడమ్, చేలోకి పోవట్లేదుగా నేను. పిల్లని బళ్ళో ఉండనీయండి” అంది. గేటుకి తాళం వేయడానికి అందరూ ఒప్పుకున్నారు. మేం మొదట తీసుకున్న నిర్ణయమే ఇంచుమించు నిలిచింది, ఆ పిల్ల మాత్రం సోమవారం బడికొచ్చింది.

దీనికీ ఇబ్బందులున్నాయి. టీచరు డ్యూటీ వేళ దాటాక ఉండాలి. నాకు చివరి బస్సు 8:20కి. తాగొచ్చి గొడవ పెట్టేవాడు ఒకడు ఉంటే ఆ పూట పోయినట్టే. నెలనెలా కుదరదు, ఏడాదికి నాలుగుసార్లు కూర్చోగలిగితే గొప్ప. మాట పుస్తకం మీదికి ఎక్కదు కాబట్టి, వాడలో అనుకున్నది వారం లోపల కమిటీ ముందు పెట్టి తీర్మానం రాయించాలి. అయినా పిల్లల రోజువారీ బతుకుని మార్చే విషయం ఏదైనా ఇక్కడ అడగకుండా నేనిప్పుడు ముందుకెళ్ళను.

ఫారాల గురించి ఒక మాట. సర్కారు బడుల్లో ఇంగ్లిషు మీడియమే ఉండాలన్న జీవోని 2020లో హైకోర్టు కొట్టేశాక, ఏ మీడియం కావాలో ఇంటింటా తల్లిదండ్రుల చేత రాయించుకున్నారు, మీకూ గుర్తుండే ఉంటుంది. మూడు గళ్ళు, ఒకదానికి టిక్కు. 96 శాతానికి పైగా ఇంగ్లిషు అన్నారు. లెక్క తేలడానికి ఫారం మంచిదే. “ఇంగ్లిషైతే ఇంటికాడ చదివించేదెవరు మేడమ్?” అని సంతకం పెడుతూ ఒక తల్లి నన్నడిగిన మాటకి మాత్రం ఆ కాగితంలో గడి లేదు.

డైరీలో రాసి పంపడం ఒకటో తరగతి వాళ్ళకి పనికిరాదు, పై తరగతుల వాళ్ళకి ఫర్వాలేదు. మైకులో చెప్పించడం ఎన్నికలప్పుడు తప్ప ఎవరూ వినడం లేదు. ఇంటికి వెళ్ళి కలవడం ఒక పిల్లవాడి సమస్యకి అన్నింటికంటే మంచిది, బడి నియమాలు తేల్చడానికి మాత్రం సరిపోదు.

ఇప్పుడు మా దగ్గర హోంవర్క్ మాట నడుస్తోంది. ఒకటి, రెండు తరగతులకి అసలు ఇవ్వాలా వద్దా అని. మేమిద్దరం ఇంకా ఏమీ అనుకోలేదు. “శుక్రవారం ఏడింటికి వేపచెట్టు దగ్గరికి రండి, మీరు చెప్పాకే తేలుద్దాం” అని వాయిస్ పెట్టాను. ఈసారి నా నంబరుకి విడిగా ఒక వాయిస్ తిరిగొచ్చింది, ఆ తాత కొడుకు దగ్గర నుంచి. “ఏడింటికి వద్దు మేడమ్. ఈ వారం ఆటో ఆలస్యంగా వస్తంది. ఎనిమిదింటికి పెట్టండి.” ఎనిమిదింటికే పెట్టాం. బస్సు అందదు కాబట్టి మా తోటి మాస్టారు బండి మీద దింపుతానన్నారు.