పట్టించే షో మేలా, భయపెట్టే షో మేలా?

శనివారం రాత్రి 9 అయ్యిందంటే మా అపార్ట్‌మెంట్‌లో గిన్నెలు తోమే వంతు ఎవరిదన్న గొడవ ఆగిపోయేది. 2003లో ఎమ్మెస్ చదవడానికి అమెరికా వచ్చిన నలుగురం, ఎవరో చెత్తకుండీ పక్కన వదిలేసి పోయిన టీవీ ఒకటి, దాని యాంటెన్నాకి చుట్టిన అల్యూమినియం రేకు. కేబుల్‌కి డబ్బుల్లేవు కాబట్టి ఫ్రీగా వచ్చే ఫాక్స్ చానలే దిక్కు. 8కి కాప్స్, 9కి అమెరికాస్ మోస్ట్ వాంటెడ్, అంటే పరారీలో ఉన్న నేరస్థుల్ని చూపించి, గుర్తుపడితే ఫోన్ చేయమనే షో. తేలని కేసులూ వింతలూ చూపించే అన్‌సాల్వ్‌డ్ మిస్టరీస్ చూడాలంటే మాత్రం మా రూమ్మేట్ వాళ్ళ బావగారింటికి వెళ్ళాలి, అక్కడ కేబుల్‌లో పాత ఎపిసోడ్లు వేసేవాళ్ళు. ఈ రెంటిలో ఏది గొప్పన్న పంచాయితీ వాడికీ నాకూ మధ్య ఇప్పటికీ తెగలేదు.

భయపెట్టడంలో అయితే వాదనే లేదు, అన్‌సాల్వ్‌డ్ మిస్టరీసే. ట్రెంచ్ కోటు వేసుకుని పొగమంచులోంచి నడిచొచ్చే హోస్ట్ రాబర్ట్ స్టాక్, ఆ గొంతు, ఆ మ్యూజిక్... చూశాక రాత్రి బాత్రూమ్‌కి వెళ్ళడానికి తోడు అడిగిన పాతికేళ్ళ మగాళ్ళం మేము. కానీ అందులో ఒక చిక్కుంది. హంతకుడి కథ అవ్వగానే దెయ్యాల ఇల్లు, ఆ వెంటనే ఎగిరే పళ్ళేలు, ఆ తర్వాత చిన్నప్పుడు తప్పిపోయిన చెల్లెలి కోసం వెతుకుతున్న అక్క. అన్నిటినీ ఒకే గాటన కట్టేస్తే చూసేవాడికి అంతా కథలాగే ఉంటుంది, ఫోన్ ఎత్తాలని ఎక్కడ అనిపిస్తుంది? (వాళ్ళూ నంబర్ ఇచ్చేవాళ్ళు, దొంగలు దొరికిన సందర్భాలూ ఉన్నాయి, కాదనను.)

అమెరికాస్ మోస్ట్ వాంటెడ్ హోస్ట్ జాన్ వాల్ష్ దగ్గర ఈ పొగమంచు వ్యవహారం లేదు. 1981లో ఫ్లోరిడాలో ఒక షాపులోంచి ఆరేళ్ళ కొడుకుని ఎవరో ఎత్తుకెళ్ళి చంపేస్తే, ఆ కడుపుకోత మోస్తూనే కెమెరా ముందు నిలబడ్డ తండ్రి. అందుకే ఆయన కోపంగా మాట్లాడుతుంటే అది నటన అనిపించదు. 1988 ఫిబ్రవరి 7న మొదటి ఎపిసోడ్ వచ్చింది. అందులో చూపించిన డేవిడ్ జేమ్స్ రాబర్ట్స్ అనే జైలు నుంచి పారిపోయిన ఖైదీ నాలుగు రోజుల్లో న్యూయార్క్‌లో దొరికాడు, అదీ పేరు మార్చుకుని నిరాశ్రయుల షెల్టర్ ఒకటి నడుపుతూ!

నాకు బాగా నచ్చేది మాత్రం జాన్ లిస్ట్ కేసు. 1971లో న్యూజెర్సీలో తల్లినీ, భార్యనీ, ముగ్గురు పిల్లల్నీ చంపి మాయమైపోయిన అకౌంటెంట్. పోలీసుల దగ్గరున్నవన్నీ పాత ఫొటోలే, మరి ఇన్నేళ్ళకి వాడు ఎలా ఉంటాడు? ఫ్రాంక్ బెండర్ అనే శిల్పి వాడి ముసలి మొహాన్ని మట్టితో ఊహించి చేశాడు. బుగ్గలు జారాయి, జుట్టు వెనక్కి పోయింది. వీడి స్వభావానికి ఎలాంటి కళ్ళజోడు పెట్టుకుంటాడని ఆలోచించి మరీ మందపాటి ఫ్రేమున్నది వెతికి పెట్టాడు. 1989 మే 21న అది టీవీలో వచ్చింది, డెన్వర్‌లో ఒకప్పటి పొరుగింటావిడ గుర్తుపట్టింది, జూన్ 1న వర్జీనియాలో రాబర్ట్ క్లార్క్ అనే పేరుతో కాపురం చేసుకుంటున్నవాణ్ణి పట్టుకున్నారు. కళ్ళజోడు అచ్చం అలాంటిదే! పద్దెనిమిదేళ్ళు ఎవరికీ దొరకనివాణ్ణి పదకొండు రోజుల్లో.

ఇలా దొరికినవాళ్ళు చివరికి వెయ్యి దాటారు. 1996లో ఫాక్స్ వాళ్ళు షో ఆపేస్తే గవర్నర్లూ పోలీసులూ గోల చేసి మళ్ళీ పెట్టించారంటే ఊరికే కాదు.

నష్టమూ ఉంది లెండి. ఒకసారి షో చూశాక మా రూమ్మేట్, కింద లాండ్రీ రూమ్‌లో కనిపించే గడ్డం ఆయనే ఆ బ్యాంకు దొంగ అని పట్టుబట్టాడు. ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు కూడా. మేం ముగ్గురం లాక్కున్నాం. తీరా చూస్తే ఆయన మా యూనివర్సిటీలోనే లెక్కలు చెప్పే ప్రొఫెసర్. వచ్చే సెమిస్టర్‌లో వీడు ఆయన క్లాసులోనే తేలాడు.

అంతకుముందు ఇండియాలోనూ చూశాను. 1998లో జీ టీవీలో సుహైబ్ ఇల్యాసీ ఇండియాస్ మోస్ట్ వాంటెడ్ మొదలుపెట్టినప్పుడు తెనాలిలో మా ఇంట్లో హిందీ సగమే అర్థమయ్యేది, అయినా అది అయిపోగానే అమ్మ లేచి తలుపు గడియ మళ్ళీ చూసొచ్చేది. ఫోన్ చేద్దామన్నా మాకు ఫోన్ లేదు, ఎస్టీడీ బూత్‌కి పోయి మీటర్ చూసుకుంటూ మాట్లాడాలి. వాల్ష్ షోకి ఫోన్ చేస్తే పైసా ఖర్చు లేదు. ఇంకో తేడా నన్ను ఇప్పటికీ ఇబ్బంది పెడుతుంది: జాన్ లిస్ట్ కోర్టుకెళ్ళాడు, ఐదు యావజ్జీవాలు పడ్డాయి. మన షోలో చూపించిన ఉత్తరప్రదేశ్ గ్యాంగ్‌స్టర్ శ్రీప్రకాశ్ శుక్లా 1998 సెప్టెంబర్‌లో ఘజియాబాద్‌లో ఎన్‌కౌంటర్‌లో పోయాడు. వాడి మీద నాకు జాలేం లేదు, కానీ అలాంటిచోట ఫోన్ చేయాలంటే చెయ్యి ఆగుతుంది.

అందుకే నా ఓటు వాల్ష్‌కే. 2020లో నెట్‌ఫ్లిక్స్‌లో అన్‌సాల్వ్‌డ్ మిస్టరీస్ మళ్ళీ వచ్చింది. దెయ్యాలు తగ్గాయి, ఒక్కో కేసుకి ఒక్కో ఎపిసోడ్, చాలా బాగా తీశారు. కానీ నేనొకటి ఈ నెల చూస్తాను, మావాడు ఇంకోటి వచ్చే ఏడాది చూస్తాడు. అప్పట్లో దేశమంతా ఒకే గంటలో ఒకే మొహం చూసేది, ఆ పొరుగింటావిడ కూడా.

మావాడు ఒప్పుకోడనుకోండి. వాడి ఫోన్‌లో రింగ్‌టోన్ ఇప్పటికీ ఆ అన్‌సాల్వ్‌డ్ మిస్టరీస్ మ్యూజిక్కే. అర్ధరాత్రి అది మోగితే వాళ్ళావిడ ఉలిక్కిపడి లేస్తుందట.