పిల్లల పన్ను ఊడిందా? ఇంప్లాంట్ అనగానే అడ్వాన్స్ కట్టకండి

వైజాగ్‌లో పిల్లలున్న వాళ్లకి ఒక జాగ్రత్త. మా వాడికి పదకొండేళ్లు. బీచ్ రోడ్డులో సైకిల్ మీంచి పడి పైవరుస ముందుపన్ను ఊడిపోయింది. ఎంత వెతికినా దొరకలేదు. (దొరికితే వేరు ముట్టుకోకుండా పైభాగం పట్టుకుని, పాలలో వేసుకుని వెంటనే డెంటిస్టు దగ్గరికి పరుగెత్తాలి. అది శాశ్వత పన్నుకే, పాలపన్నును మళ్లీ పెట్టరు.)

పెద్ద పెద్ద బోర్డులున్న ఒక క్లినిక్‌కి తీసుకెళ్లాం. నోరు చూసి నిమిషం కాలేదు, "ఇంప్లాంట్ వేసేద్దాం, జీవితాంతం ఢోకా ఉండదు" అన్నారు. అంటే దవడ ఎముకలో స్క్రూ బిగించి దానిమీద పెట్టే కట్టుడు పన్ను. ఎదిగే పిల్లాడు కదా అంటే, "ఇప్పుడొచ్చేవన్నీ లేటెస్టు సార్" అని కౌంటర్లో అమ్మాయి జవాబు. ఆఫర్ ఈ వారమే, అడ్వాన్స్ పదివేలు కడితేనే స్కాన్ అన్నారు. కట్టాం. చేతిలో పెట్టిన ఎస్టిమేట్ కాగితంలో పేరు, ఫోన్ నంబరు, ఈఎంఐ నెలకెంతో అన్నీ రాశారు. "వయసు" అన్న గడి మాత్రం ఖాళీ. అడుగున చీమతలకాయంత అక్షరాల్లో "అడ్వాన్స్ వాపసు ఇవ్వబడదు".

అనుమానమొచ్చి పిల్లల పళ్ల స్పెషలిస్టుకి చూపించాం. ఆవిడ విషయం విడమరిచి చెప్పారు. ఇంప్లాంట్ ఎముకలో బిగుసుకుపోతుంది, సొంత పన్నులా కదలదు. పిల్లాడి దవడ ఎదిగేకొద్దీ పక్కపళ్లు కిందికి దిగుతాయి, ఇది మాత్రం పైనే ఉండిపోయి పొట్టిగా కనిపిస్తుంది. అందుకే ఎదుగుదల ఆగేదాకా, అంటే మామూలుగా పద్దెనిమిదేళ్లు దాటేదాకా ఆగుతారట. మగపిల్లలకి ఇంకా ఆలస్యం కావచ్చు.

ఇదే మాట ఆ మొదటి క్లినిక్‌లో అడిగితే మాట మార్చి, "అయితే బ్రిడ్జి వేద్దాం" అన్నారు. అంటే రెండు పక్కపళ్లూ అరగదీసి క్యాపులు తొడగడం! ఈ వయసులో పంటి లోపలి నరం గది పెద్దగా ఉంటుంది, అరగదీస్తే నరానికే దెబ్బ. మంచి పళ్లని చేజేతులా పాడుచేయడానికి వీళ్లకి మనసెలా వచ్చిందో.

ప్రస్తుతం మావాడికి తీసి పెట్టుకునే ప్లేటు పన్ను పెట్టించాం. ఖాళీలోకి పక్కపళ్లు ఒరగకుండా కూడా అదే ఆపుతుంది. నోరు ఎదిగితే మళ్లీ కొత్తది చేయించాలి. మొదట్లో "స" పలకలేక తిప్పలు పడ్డాడు, ఇప్పుడు స్కూల్లో ఎవరికీ తెలియదు. కాస్త పెద్దయ్యాక, పక్కపళ్లకి వెనక నుంచి అతికించే రకం బ్రిడ్జి చూద్దామన్నారు.

అడ్వాన్స్ వాపసు అడిగితే ఆ మొదటి క్లినిక్ వాళ్లు "స్కాన్‌కీ ఫైలుకీ సరిపోయింది" అంటున్నారు. స్కాన్ రిపోర్టు కూడా ఇవ్వలేదు. రసీదు ఉంది కాబట్టి వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాను. మీలో ఎవరి దగ్గరైనా ఇలాగే వయసు రాయని ఎస్టిమేట్ ఉంటే పారేయకండి, నాకు ఒక మాట చెప్పండి.