సౌండ్ తగ్గించమంటే నవ్విన మేస్త్రీ: ఆటోనగర్ సైలెన్సర్ కొట్టు

"పెంచడానికా మాస్టారూ, తగ్గించడానికా?"

కొట్టులోకి అడుగుపెట్టగానే మేస్త్రీ అడిగిన మొదటి మాట ఇది. తగ్గించడానికే అన్నాను. పక్కన గ్రైండర్ పట్టుకున్న కుర్రాడు మిషన్ ఆపి మరీ నావైపు చూశాడు. బుల్లెట్ బండ్లకు సైలెన్సర్ పీకి చప్పుడు గొట్టాలు పెట్టించుకునే పిల్లలే వస్తుంటారట, తగ్గించమని వచ్చేవాళ్లు జనరేటర్ల ఓనర్లు తప్ప ఎవరూ ఉండరట.

ఈ కొట్టుకు బోర్డు లేదు. విజయవాడ ఆటోనగర్ గేటు దాటి లోపలికెళ్లి, లారీ బాడీలు కట్టే షెడ్ల వెనక సందులోకి తిరిగితే టీ బంకుకు ఎదురుగా ఉంటుంది. పాత సైలెన్సర్లు గుమ్మానికి పొట్లకాయల్లాగా వేలాడుతుంటాయి, అదే గుర్తు. మూడుసార్లు తిరిగాను, మొత్తం 5,900 రూపాయలు అయింది.

ముందు కారు సంగతి చెప్పాలి. నేను పాలిటెక్నిక్‌లో వర్క్‌షాపు ఇన్‌స్ట్రక్టర్‌ని. పోరంకిలో మా ఇంటి వెనక రేకుల షెడ్డులో రెండేళ్లుగా ఒక రెండు సీట్ల కిట్ కారు కట్టుకుంటున్నాను. చదరపు గొట్టాల చాసిస్, ఫైబర్ బాడీ, సీట్ల వెనక పాత మారుతి 800 ఇంజన్. రిజిస్ట్రేషన్ లేదు కనక రోడ్డు ఎక్కించను. ట్రాలీ మీద వేసుకుని నూజివీడు దగ్గర మా బావమరిది మామిడి తోటకు తీసుకెళ్లి అక్కడ తిప్పుతాను. కానీ కార్బురేటర్ సర్దాలన్నా, టైమింగ్ చూడాలన్నా ఇంటి దగ్గరే స్టార్ట్ చెయ్యాలి కదా. పక్కింటి పిన్నిగారి మనవడు సరిగ్గా అదే టైముకు నిద్రపోతాడు. ఆవిడ ఏమీ అనరు, గోడ మీదనుంచి ఒక చూపు చూస్తారు. ఆ చూపు కంటే తిట్టినా బాగుండేది.

మారుతిలో ఇంజన్ ముందుంటుంది, సైలెన్సర్ బండి చివర ఉంటుంది, మధ్యలో పొడుగాటి గొట్టం. నా కారులో మానిఫోల్డ్ (ఇంజన్‌లోంచి పొగ బయటికొచ్చే గొట్టాల గుత్తి) నుంచి తోక దాకా గట్టిగా నాలుగడుగులు లేదు. మారుతి సైలెన్సర్ అందులో పట్టదు. అందుకే మొదట ఆన్‌లైన్‌లో ఒక 'యూనివర్సల్' డబ్బా కొన్నాను, 2,400. నాలుగంగుళాల లావు, అడుగు పొడుగు, మెరుగు పెట్టి చూడ్డానికి బంగారంలా ఉంది. లోపల చిల్లుల గొట్టం ఒకటి ఈ చివర నుంచి ఆ చివరకు తిన్నగా పోతుంది, చుట్టూ కాస్త దూది. స్టార్ట్ చేస్తే ట్రాక్టరుకు జలుబు చేసినట్టుంది.

రెండోది నేనే చేశాను. మా ల్యాబ్‌లో డ్రిల్లు ఉంది కదా అన్న పొగరు. ఒకటిన్నర అంగుళం గొట్టానికి పది మిల్లీమీటర్ల చిల్లులు వేసి, ఏసీ డక్టులకు చుట్టే పసుపుపచ్చ గ్లాస్‌వూల్ కూరాను. తోటలో రెండు రౌండ్లు బాగానే తిరిగింది. మూడో రౌండులో తోక గొట్టంలోంచి పచ్చటి కుచ్చులు ఎగిరి మామిడి కొమ్మలకు అంటుకున్నాయి. మా బావమరిది కూలీల చేత వాటిని ఏరించి, వాళ్లు ఒళ్లంతా గోక్కుంటుంటే నాకు ఫోను చేసి ఏమన్నాడో ఇక్కడ రాయలేను.

అప్పుడు ఈ మేస్త్రీ దగ్గరికెళ్లాను. డబ్బు ఆదా అవుతుందని ఇంట్లో మిగిలిన జీఐ పైపు ముక్క కూడా పట్టుకెళ్లాను. చేత్తో కూడా ముట్టుకోలేదు. "ఇది వద్దు మాస్టారూ. తగరం పూత కాలితే తెల్లపొగ వచ్చిద్ది, రాత్రికి నాకు జొరం వచ్చిద్ది." ఆయన తగరం అన్నది నిజానికి జింకు. జింకు పొగ పీలిస్తే చలిజ్వరం రావడం మాత్రం అక్షరాలా నిజం. పుస్తకం చదివి కాదు, ఒకసారి ఆ జ్వరం వచ్చి తెలుసుకున్నాడు. ఆ ముక్కతోనే నాకు నమ్మకం కుదిరింది.

తర్వాత ఇంజన్ ఎన్ని సిలిండర్లని అడిగాడు, మూడన్నాను. ఎక్కడ ఎక్కువ మోగుతుందన్నాడు. రెండు వేల ఆర్‌పీఎం, అంటే నిమిషానికి రెండు వేల చుట్ల దగ్గర అన్నాను. ఇక్కడ కాస్త లెక్క చెప్తాను, వర్క్‌షాపు మాస్టారి అలవాటు. ఫోర్ స్ట్రోక్ ఇంజన్‌లో మూడు సిలిండర్లంటే చుట్టుకు ఒకటిన్నర పేలుడు. రెండు వేల చుట్లంటే నిమిషానికి మూడు వేలు, అంటే సెకనుకు యాభై. యాభై హెర్ట్జ్ అంటే చెవికన్నా ముందు గుండెకు వినపడే మోత. గ్లాస్‌వూల్, రాక్‌వూల్ లాంటివి కీచుమనే పైస్థాయి శబ్దాన్ని మింగుతాయి, ఈ కింది మోత వాటికి దొరకదు. దానికి జాగా కావాలి, పొగ ఒక్కసారిగా విశాలమైన గదిలోకొచ్చి అడ్డుగోడకు తగిలి తిరగాలి. మోటారు వాహనాల రూల్స్‌లో 120వ రూలు కూడా సైలెన్సర్ గురించి చెప్పేటప్పుడు వ్యాకోచ గది మాటే ఎత్తుతుంది. మేస్త్రీకి ఆ రూలు సంగతి తెలియదు. "ఆవిరి సర్దుకోడానికి రూము ఉండాలి. మీ డబ్బాలో రూమేది?" అన్నాడు. అదే మాట.

ఆయన చేసిన డబ్బా ఆరంగుళాల లావు, పద్దెనిమిది అంగుళాల పొడుగు. లెక్కేస్తే ఎనిమిది లీటర్ల పైచిలుకు. ఇంజన్ 796 సీసీ కనక పదింతలన్నమాట. పదహారు గేజి రేకు చుట్టి, లోపల రెండు గదులు. మొదటి గది ఖాళీ. లోపలికొచ్చే గొట్టం గదిలో సగం దాకా పొడుచుకుని ఉంటుంది, బయటికి పోయేది పక్కకు జరిగి ఉంటుంది, ఎదురెదురుగా ఉండవు. రెండో గదిలో చిల్లుల గొట్టం, చుట్టూ మెత్త. చిల్లులు మూడు మిల్లీమీటర్లే. ఆ గొట్టం మీద ముందు ఏం చుట్టాడో చూసి నవ్వొచ్చింది. కుర్రాణ్ణి కిరాణా కొట్టుకు పంపించి గిన్నెలు తోముకునే స్టీలు పీచు ఎనిమిది తెప్పించాడు. వాటిని సాగదీసి పట్టీలాగా చుట్టి, దానిమీద బాయిలర్లకు వాడే రాక్‌వూల్ వేశాడు. మంట తగిలేది స్టీలుకు, మెత్త దాని వెనక భద్రం. నా పచ్చ కుచ్చుల కథ చెప్తే తలకాయ ఊపాడు తప్ప ఏమీ అనలేదు.

ఆర్గాన్ వెల్డింగ్ చూడముచ్చటగా ఉంది, అతుకు మీద అతుకు చేపపొలుసులా పడింది. ఇంజన్ ఆన్‌లో ఉండగా తోక గొట్టాన్ని తడిగుడ్డతో మూసి పట్టుకున్నాడు. బండి గిలగిలా కొట్టుకుని ఆగిపోయింది. ఆగకపోతే ఎక్కడో పొగ కారుతున్నట్టు. డబ్బా కిందివైపు చివర సన్నటి చిల్లు కూడా పెట్టాడు. లీటరు పెట్రోలు కాలితే దగ్గర దగ్గర లీటరు నీరు పుడుతుంది, దగ్గర తిరుగుళ్లకు అందులో కొంత చల్లని డబ్బాలో నిలిచి తుప్పు పట్టిస్తుంది. ఆ చిల్లు అడక్కుండానే పెట్టాడు.

ఇక నచ్చనివి. చెప్పిన రోజుకు ఇవ్వడు. మంగళవారమన్నది శుక్రవారమైంది, మధ్యలో ఫోనెత్తలేదు. బిల్లు అడిగితే సిగరెట్ పెట్టె అట్ట మీద రాసిచ్చాడు. అన్నిటికన్నా పెద్ద తప్పు, వేలాడదీసే కడ్డీని తిన్నగా చాసిస్ గొట్టానికే వెల్డు చేసేశాడు. ఇంటికొచ్చి స్టార్ట్ చేస్తే తోక దగ్గర చప్పుడు లేదు గానీ సీటు, ఫైబర్ బాడీ అన్నీ డప్పులా మోగాయి. మళ్లీ వెళ్లి కోయించి, మారుతి రబ్బరు రింగులు రెండు వేయించాను. "లారీకి ఇట్టాగే వేస్తాం" అన్నాడు. లారీ కాదు బాబూ ఇది, రెండు మణుగుల ఫైబర్ బుట్ట. ఆ రిపేరుకు డబ్బులు తీసుకోలేదు, అది ఆయన మర్యాద.

ఫలితం అంకెల్లో: తోక గొట్టానికి అర మీటరు దూరంలో, పక్కకు 45 డిగ్రీల్లో ఫోను పట్టుకుని మూడు వేల ఆర్‌పీఎం దగ్గర చూశాను. ఆన్‌లైన్ డబ్బాకు 99 డెసిబెల్స్, దీనికి 87. ఫోను అంకెలను అచ్చంగా నమ్మక్కర్లేదు, కానీ రెండూ అదే ఫోను, అదే చోటు కనక తేడా నమ్మొచ్చు. పది డెసిబెల్స్ తగ్గితే చెవికి సగమైనట్టుంటుంది. పైకి లాగుడులో తేడా కూడా నాకు కనపడలేదు. పిన్నిగారు గోడ దగ్గరికి రావడం మానేశారు.

వెళ్లేవాళ్లు మధ్యాహ్నం భోజనాల టైముకు వెళ్లకండి. బండి తీసుకెళ్లలేకపోతే మానిఫోల్డ్ ఫ్లాంజి (బోల్టులతో బిగించే అంచు), హ్యాంగర్ (వేలాడదీసే కడ్డీ) చోట్లు అట్ట మీద గీసుకెళ్లండి, టేపు కొలతలు ఆయన వినడు. రబ్బరు రింగులు మీరే కొనిపెట్టుకోండి.

ఇంకా ఒక్క మోత మిగిలింది, 2,600 ఆర్‌పీఎం దగ్గర. అంటే సెకనుకు అరవై అయిదు. దానికి పక్కకొక అయిదడుగుల గొట్టం తీసి చివర మూసేస్తే సరిపోతుందని నా లెక్క, కారు తలుపు గుమ్మం కింద చాసిస్ వెంట పోనివ్వచ్చు. బొమ్మ గీసి చూపిస్తే మేస్త్రీ అట్టను అటూ ఇటూ తిప్పాడు. "మూసేసిన గొట్టంలోకి పొగ ఎట్టా పోద్ది మాస్టారూ?" అన్నాడు. పోదు, చప్పుడు మాత్రం పోయి తిరిగొచ్చి, ఎదురొచ్చే చప్పుడును అణిచేస్తుందన్నాను. టీ తెప్పించాడు. సంక్రాంతి తర్వాత బండి తీసుకురమ్మన్నాడు, పని చెయ్యకపోతే గొట్టం డబ్బులు మీవే, కూలి నాది అన్నాడు.