కిరణ్ అమ్మాయా, యాష్లీ అబ్బాయా? అమెరికా సోషల్ సెక్యూరిటీ వారి పేర్ల పేజీపై నా సమీక్ష

నా పేరు కిరణ్. ఆడదాన్ని. అమెరికా వచ్చిన కొత్తలో సిడ్నీ ఆఫీసులో పనిచేసే యాష్లీ అనే మేనేజర్‌కు మెయిల్ రాస్తూ ‘మిస్ యాష్లీ’ అని మొదలుపెట్టాను. అటునుంచి ‘మిస్టర్ కిరణ్’ అని జవాబొచ్చింది. వారం తర్వాత వీడియో కాల్‌లో చూస్తే ఆయనకు గడ్డం, నాకు జడ. ఇద్దరం ఒకేసారి సారీ చెప్పుకున్నాం. ఒక పేరు ఆడపిల్లలదో మగపిల్లలదో ఎవరు తేలుస్తారు, అది ఎప్పుడు మారుతుంది అన్న ఆలోచన మాత్రం ఆ రోజు నుంచి నన్ను వదల్లేదు.

ముందు ఫోన్‌లో ఒక పేర్ల యాప్‌కు డబ్బు కట్టాను. కిరణ్ అని కొడితే ‘అబ్బాయి పేరు, అర్థం: చిన్న నల్లనివాడు’ అని వచ్చింది. మనసు చివుక్కుమంది. ఆ అర్థం ఐర్లాండ్ వాళ్ల ‘కీరన్’ది, నలుపు అనే మాట నుంచి వచ్చిన వేరే పేరు. మనది సంస్కృతం. ‘కౄ’ అంటే వెదజల్లడం, అందులోంచి కిరణం. వెలుగు చిమ్మేదాన్ని తీసుకెళ్లి నలుపు ఖాతాలో రాశారు! పక్కనే ఈ పేరుకు ఆదరణ పెరుగుతోందని ఒక గ్రాఫ్. ఆ అంకెలు ఎక్కడివో ఒక్క ముక్క కూడా లేదు. రెండు రోజులకు ఆ యాప్ తీసేశాను.

ఆ తర్వాత దొరికింది సోషల్ సెక్యూరిటీ అడ్మినిస్ట్రేషన్, అంటే అమెరికా ప్రభుత్వ పింఛన్ల సంస్థ, వారి పిల్లల పేర్ల పేజీ. పైసా ఖర్చు లేదు, లాగిన్ అక్కర్లేదు. సోషల్ సెక్యూరిటీ కార్డు కోసం పెట్టుకునే దరఖాస్తుల్లోంచి తీసిన పేర్లివి. 1880లో పుట్టినవాళ్ల దగ్గర్నుంచి లెక్క ఉంది. అయితే ఆ కార్డు మీద ఉండే సోషల్ సెక్యూరిటీ నంబర్లు ఇవ్వడం మొదలైందే 1936లో. అందుకని 1937కు ముందు పుట్టినవాళ్లలో చాలామంది దరఖాస్తే పెట్టుకోలేదని, వాళ్లు ఈ లెక్కలో లేరని పేజీలోనే చెప్పారు. తమ లెక్క ఎక్కడ పలచగా ఉందో వాళ్లే ముందుగా చెప్పడం నాకెంతో నచ్చింది.

పేరు కొట్టి, ఆడా మగా అన్నది ఎంచుకుంటే ఏ ఏడాది ఎన్నో స్థానమో చూపిస్తుంది. ఇది తొలి 1000 పేర్లకే. యాష్లీకి అది చాలు. నా పేరులాంటి వాటికి మొత్తం జిప్ ఫైల్ దించుకోవాలి. విప్పితే ఏడాదికొక చిన్న టెక్స్ట్ ఫైల్. వరుసకు మూడే మాటలు: పేరు, ఎఫ్ (ఆడ) లేదా ఎం (మగ) అనే అక్షరం, ఎంతమంది అనే అంకె. 1880 ఫైల్‌లో మొదటి వరుస మేరీది, ఎఫ్, 7065. ఆ అంకె ముందు కాసేపు అలాగే కూర్చుండిపోయాను. ఏడు వేల మంది మేరీలు, ఒకే ఏట పుట్టినవాళ్లు.

ఇక యాష్లీ. పాత ఇంగ్లీషులో ‘యాష్’ ఒక చెట్టు, ‘లీ’ అంటే అడవి మధ్య చెట్లు కొట్టి చదును చేసిన జాగా. ముందు అది ఊరిపేరు, ఆపైన ఇంటిపేరు. మనకూ ఊళ్లపేర్లే ఇంటిపేర్లైన కుటుంబాలు ఎన్ని లేవు! అక్కడ ఇంకో అడుగు ముందుకు పోయి ఇంటిపేరునే పిల్లలకు పెట్టుకున్నారు, అదీ మగపిల్లలకు. 1939 నాటి ‘గాన్ విత్ ద విండ్’ సినిమాలో యాష్లీ మగవాడే, ఆ వేషం వేసింది లెస్లీ హోవర్డ్. లెస్లీ కూడా ఇలా రెండు వైపులా తిరిగిన పేరే. 1960లలో యాష్లీ అమ్మాయిల తొలి 1000లోకి వచ్చింది. 1991, 1992లలో ఏకంగా మొదటి స్థానం, 1991లో అయితే 40 వేలు దాటి. అబ్బాయిల వైపు చూస్తే 1980ల నుంచి జారిపోతూ వచ్చింది. ఆడపిల్లలు తీసుకున్న పేరును మగపిల్లల తల్లిదండ్రులు వదిలేస్తారు. ఎదురు ప్రయాణం అరుదు. ఈ సంగతి చూసినప్పుడల్లా నాకు బాధగానే ఉంటుంది. ఆడపిల్ల పెట్టుకుంటే పేరుకు ఏం తగ్గిందని? చివరికి అమ్మాయిల్లోనూ దాని హవా తగ్గి, ఇప్పుడు తొలి 100లో కూడా లేదు.

ఇదంతా అమెరికా కథ. ఇంగ్లండ్, ఆస్ట్రేలియాల్లో యాష్లీ అనే మగవాళ్లూ కనిపిస్తారు. 2005 యాషెస్ నాటింగ్‌హామ్ టెస్టులో గెలుపు పరుగులు కొట్టిన యాష్లీ జైల్స్ ఇంగ్లండ్ ఆటగాడు. ఆస్ట్రేలియా మహిళల జట్టులో యాష్లీ గార్డ్‌నర్ ఉంది, ఆమె స్పెల్లింగ్ వేరు. ఈ ఫైళ్లలో స్పెల్లింగ్ మారితే వేరే పేరు కిందే లెక్క. కాబట్టి అన్ని రకాలూ వెతికి మీరే కలుపుకోవాలి. అయిదుగురి కన్నా తక్కువ మందికి పెట్టిన పేర్లను గోప్యత కోసం వదిలేస్తారు, అదీ గుర్తుంచుకోండి.

చివరికి నా పేరు. ఈ మధ్య సంవత్సరాల ఫైల్ ఒకటి తెరిచి వెతికాను. ఎఫ్ వరుసల్లో ఒక కిరణ్, కిందికి పోతే ఎం వరుసల్లో ఇంకో కిరణ్. కళ్లు చెమర్చాయి. సంస్కృతంలో ఈ మాట పుంలింగం, తెలుగులో కిరణం నపుంసకం. మన వైపు అబ్బాయైతే కిరణ్ కుమార్, అమ్మాయైతే కిరణ్మయి అంటారు. 1972లో ఐపీఎస్‌లో చేరిన తొలి మహిళ కిరణ్ బేడీ గురించి పేపర్లో చదివి, మా నాన్న నాకు ‘మయి’ తగిలించకుండా ఉత్త కిరణ్ అని పెట్టాడు. వికెట్ కీపర్ కిరణ్ మోరే కూడా అప్పటికి అందరికీ తెలుసు. అది మగపేరు కదా అన్నా నాన్న ఎవరి మాటా వినలేదు.

పిల్లలకు పేరు వెతికేవాళ్లు అర్థం కోసం నిఘంటువు చూడండి, ఈ పేజీలో దొరకదు. ఆదరణ సంగతికి మాత్రం దీన్ని మించింది నాకు కనపడలేదు. ఐదుకు ఐదు ఇస్తున్నాను. ఏటా మేలో, మదర్స్ డే ముందు, కొత్త ఫైల్ పెడతారు. దించుకోగానే నేను ముందు వెతికేది ఎఫ్ వరుసల్లోని కిరణ్‌నే.