ఎర్రమచ్చకి లేజర్: కొన్నేళ్లు వాడాక నా అభిప్రాయం

నా ఎడమ చెంప నుంచి మెడ దాకా పుట్టుకతోనే ఎర్రమచ్చ ఉంది. డాక్టర్లు దీన్ని పోర్ట్ వైన్ స్టెయిన్ అంటారు. మాది శ్రీకాకుళం. కొన్నేళ్లుగా విశాఖ వెళ్లి పల్స్‌డ్ డై లేజర్ చేయించుకుంటున్నాను. మచ్చ పోతుందా అని అందరూ అడుగుతారు. పూర్తిగా పోదు, తగ్గుతుంది. నా మటుకు నాకు ఆ తగ్గడమే పెట్టిన డబ్బుకీ పడ్డ తిప్పలకీ తగిన ఫలితం.

మెడ మీద ఇప్పుడు చూపిస్తే గానీ తెలీదు. చెంప మీద ముదురు ఊదా కాస్తా లేత గులాబీకి వచ్చింది. ముక్కు పక్కన, పై పెదవి మీద మాత్రం మొండికేసింది. ముఖం మధ్యలో ఉన్నది అంత తేలిగ్గా లొంగదని డాక్టరమ్మ ముందే చెప్పారు, అలాగే జరిగింది. పెద్ద మార్పంతా మొదటి సిట్టింగుల్లోనే కనిపించింది.

ఈ లేజర్ నుంచి వచ్చేది 595 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న పసుపు కాంతి. రక్తంలోని హిమోగ్లోబిన్ దాన్ని పీల్చుకుని వేడెక్కితే, ఉబ్బిన సన్న రక్తనాళాలు దెబ్బతిని మూసుకుపోతాయి. చుట్టూ ఉన్న చర్మానికి పెద్దగా ఏమీ కాదు. ఈ సూత్రాన్ని 1983లో ఆండర్సన్, ప్యారిష్ అనే అమెరికా డాక్టర్లు వివరించారు. చిక్కల్లా మన ఒంటి రంగుతోనే. చర్మానికి రంగునిచ్చే మెలనిన్ కూడా ఆ కాంతిని లాక్కుంటుంది. అందుకే చామనఛాయ వాళ్లకి పవర్ జాగ్రత్తగా పెట్టాలి, చర్మాన్ని చల్లబరుస్తూ చేయాలి, ముందు చిన్నచోట టెస్ట్ ప్యాచ్ వేసి కొన్ని వారాలు ఆగి చూడాలి.

ఊరికే చెప్పట్లేదు. విశాఖ వెళ్లకముందు ఒక క్లినిక్‌లో లేజరే అని చెప్పి నాకు ఐపీఎల్ చేశారు. అది లేజర్ కాదు, రకరకాల తరంగదైర్ఘ్యాలు కలిసిన తీవ్రమైన కాంతి. టెస్ట్ ప్యాచ్ ఊసే లేదు. దవడ మీద ఆ హ్యాండ్‌పీస్ ఆకారంలోనే పలకల్లా తెల్లమచ్చలు పడ్డాయి. అవి చర్మంలో కలిసేసరికి ఏడాది దాటింది. తెలిసినవాళ్ల చేతిలో ఐపీఎల్ కూడా పనిచేస్తుంది గానీ, మన రంగుకి రిస్క్ ఎక్కువ. ఏ మిషన్, ఎన్ని నానోమీటర్లు, చేసేది డాక్టరేనా అని అడగండి. అడిగితే విసుక్కునే చోట చేయించుకోవద్దు.

సిట్టింగ్ రోజున మొద్దుబారే క్రీమ్ రాసి గంటసేపు కూర్చోబెడతారు. కళ్లకి కప్పులు పెడతారు. చల్లటి స్ప్రే తగిలిన మరుక్షణం రబ్బరు బ్యాండు లాగి వదిలినట్టు చురుక్కుమంటుంది. పెదవి దగ్గరైతే కళ్లల్లో నీళ్లు తిరుగుతాయి. దానికన్నా కష్టం తర్వాత రోజులు. చెంప నిండా నల్లటి గుండ్రాలుగా కమిలిపోయి, వారం నుంచి రెండు వారాలు అలాగే ఉంటుంది. ఆమదాలవలసలో రైలు దిగి ఆటో ఎక్కేలోపే "ఎవరు కొట్టారమ్మా?" అని అడుగుతారు. ఇంట్లో పెళ్లి ఉంటే ఆ నెల వదిలేయండి.

మా ప్రాంతపు ఎండ ఇంకో శత్రువు. సన్‌స్క్రీన్, గొడుగు తప్పవు. నేను చలికాలంలోనే ఎక్కువ చేయించుకుంటాను, అదీ రథసప్తమి చూసుకుని. కమిలిన చెంపతో అరసవల్లి క్యూలో ఎండకి నిలబడలేం కదా.

ఖర్చు సిట్టింగుకి వేలల్లోనే. మా ఇన్సూరెన్స్ వాళ్లు కాస్మెటిక్ అని కొట్టేశారు. మధ్యలో కొంతకాలం ఆపితే చెంప మళ్లీ కొద్దిగా ముదిరింది, కాబట్టి అప్పుడప్పుడూ వెళ్లక తప్పదు.

గ్రహణం నాడు బయటికొచ్చిందని మా అమ్మని ఇన్నేళ్లూ అన్నారు. ఈ మచ్చల్లో చాలావాటికి కారణం కడుపులో ఉండగా జీఎన్ఏక్యూ అనే జన్యువులో వచ్చే మార్పు అని 2013లో తేలింది. తల్లి చేసిన పనికీ దీనికీ సంబంధం లేదు. ఈ మాట డాక్టరమ్మ చేత అమ్మకే నేరుగా చెప్పించాను.

పసిపిల్లలకి ఉంటే ఆలస్యం చేయకండి, చిన్నతనంలో చర్మం పలచగా ఉంటుంది, ఫలితం మెరుగ్గా ఉంటుంది. మచ్చ నుదుటి మీదో కనురెప్ప మీదో ఉంటే మాత్రం లేజర్ కన్నా ముందు కంటి డాక్టరు దగ్గర కంటి ప్రెషర్ చూపించండి. ఎప్పుడైనా ఫిట్స్ వచ్చి ఉంటే పిల్లల డాక్టరుకి తప్పకుండా చెప్పండి. అలాంటి కొందరిలో కంటినీ మెదడునీ కూడా పట్టే స్టర్జ్ వెబర్ సిండ్రోమ్ ఉంటుంది, దానివల్ల గ్లకోమా (కంటి ప్రెషర్ పెరిగి చూపు దెబ్బతినే జబ్బు), మూర్ఛ రావచ్చు.